కళ్ళజోడు స్క్రూడ్రైవర్‌తో ఖరీదైన వాచ్ చైన్ విప్పమని రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఆదివారం వచ్చే ఇంటి చిట్కాల పేజీలో ఈసారి వాచ్ చైన్ లూజుగా ఉంటే ఇంట్లోనే లింకు తీసేసుకోవచ్చని రాశారు, దానికి కళ్ళజోడు రిపేర్ కిట్‌లో వచ్చే చిన్న స్క్రూడ్రైవర్ చాలని కూడా రాశారు. ఇంట్లో చేసుకోవచ్చు అన్నదాని మీద నాకేం అభ్యంతరం లేదండీ, నిజంగానే చేసుకోవచ్చు, నిదానంగా కూర్చుంటే పెద్ద పనేం కాదు. నా బాధంతా ఆ స్క్రూడ్రైవర్ గురించే. నేను వాచ్ రిపేర్ పనిలో ఉన్నవాణ్ణి, మా టేబుల్ మీదకి వచ్చే ఖరీదైన వాచ్‌ల్లో లోపల మిషన్ ఏదో తేడా చేసి వచ్చేవి కొన్ని, మిషన్ గడియారం లెక్కన పర్ఫెక్ట్‌గా నడుస్తూ ఉండి కేవలం చైన్ స్క్రూ గాడి చితికిపోయి వచ్చేవి కొన్ని, ఈ రెండో రకం చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే సరైన మొన ఉన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉంటే వాటిల్లో ఏ ఒక్కటీ నా దాకా వచ్చేది కాదు.

చితికిన స్క్రూ లెన్స్ కింద ఎలా ఉంటుందో చెప్తాను, మీ పాఠకులకి ఇది తెలియాలి. స్క్రూ తల మీద సన్నటి గాడి ఉంటుంది కదా, కొత్తదాంట్లో ఆ గాడి అంచులు కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటాయి. తప్పు మొన పెట్టి తిప్పినదాంట్లో ఆ అంచులు ఒకవైపు పైకి లేచి ముడుచుకుని ఉంటాయి, గాడి మధ్యలో వెడల్పుగా అయిపోయి చివర్లు మాత్రం అలాగే ఉంటాయి, దాని పక్కనే లింకు అంచు మీద మొన జారి లాక్కెళ్ళిన గీత ఒకటి ఉంటుంది. స్క్రూ అయితే కొత్తది వేయొచ్చు, లింకు మీద పడిన గీత మాత్రం పాలిష్ చేస్తేనే పోతుంది, పాలిష్ అంటే అక్కడి మెటల్ అరగదీయడమే. బ్రష్ ఫినిష్, అంటే ఒకే వరసలో సన్నటి గీతలు ఉన్న లింకు అయితే పక్క లింకుల గీతల వరసతో దీన్ని మళ్ళీ కలపడం ఇంకో తలనొప్పి.

అసలు విషయానికి వస్తాను. స్క్రూడ్రైవర్ అనగానే అందరూ చూసేది దాని పిడి, కంపెనీ పేరు, సెట్‌లో ఎన్ని వచ్చాయి అని. పని చేసేది మాత్రం చివర ఉన్న ఆ కొంచెం ఉక్కు ముక్క. ఆ మొన గాడిలో వెడల్పుకి సరిపోవాలి, మందానికి సరిపోవాలి, దాని ఆకారం కూడా గాడి ఆకారంతో కుదరాలి, ఈ మూడూ కుదిరితే ఎంత మామూలు స్క్రూడ్రైవర్ అయినా పని చేస్తుంది, ఏ ఒక్కటి కుదరకపోయినా ఎంత గొప్ప కంపెనీది అయినా గాడిని పాడు చేస్తుంది.

వెడల్పు సంగతి చాలామందికి కొంత తెలుసు. రోలెక్స్ ఆయిస్టర్ చైన్ లింకు స్క్రూలకి సాధారణంగా వాడేది 1.6 మి.మీ. మొన. వేరే కంపెనీల్లో, వేరే మోడల్స్‌లో 1.2, 1.4, 2.0 ఇలా మారుతూ ఉంటుంది, ఒకే కంపెనీలో పాత మోడల్‌కీ కొత్త మోడల్‌కీ కూడా తేడా రావచ్చు, అందుకే పేరు చూసి సైజు ఊహించకుండా స్క్రూ తలని చూసి కొలుచుకోవాలి. మొన వెడల్పు స్క్రూ తల వెడల్పుకి దాదాపు సమానంగా, ఒక్క పిసరు తక్కువగా ఉండాలి. ఎక్కువైతే ఏమవుతుందంటే, చైన్ స్క్రూ తల లింకు పక్కన ఉన్న రంధ్రంలో లోపలికి కూర్చుని ఉంటుంది కదా, మొన ఆ రంధ్రం గోడల్ని గీసుకుంటూ తిరుగుతుంది. తక్కువైతే ఇంకా ప్రమాదం, దీనికి లెక్క ఉంది, స్క్రూ కదలడానికి కావలసిన తిప్పుడు బలం మీ మొనని బట్టి మారదు, అది అంతే ఉంటుంది, మొన సన్నగా ఉన్న కొద్దీ అదే బలం మధ్యకి దగ్గరగా ఉన్న చిన్న చోట మీద పడుతుంది. 1.6 పట్టే గాడిలో 1.0 మొన పెట్టి తిప్పితే మొన అంచుల దగ్గర పడే ఒత్తిడి ఒకటికి ఒకటిన్నర రెట్లు పైమాటే అవుతుంది, ఉక్కు అయినా సరే ఆ మూల లొంగిపోతుంది, అదే బంగారం స్క్రూ అయితే 18 క్యారెట్ బంగారం ఉక్కు కన్నా ఎంతో మెత్తన కాబట్టి ఇంకా త్వరగా పోతుంది. కళ్ళజోడు కిట్‌లో ఉండేవి సాధారణంగా బాగా సన్న మొనలు, అవి కళ్ళజోడు కాడ స్క్రూ కోసం చేసినవి, అక్కడ అసలు బలమే అక్కర్లేదు.

మందం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు, నా అనుభవంలో ఎక్కువ స్క్రూలు పోయేది ఇక్కడే. సెట్ మీద 1.6 అని రాసి ఉంటుంది, అది వెడల్పు ఒక్కటే చెప్తుంది, మొన ఎంత పల్చన ఎంత మందం అనేది రాయరు, రెండు కంపెనీల 1.6 పక్కపక్కన పెట్టి లెన్స్‌తో చూస్తే ఒకటి రెండోదాని కన్నా బాగా పల్చగా ఉండొచ్చు. పల్చటి మొన గాడిలోకి తేలిగ్గా దిగిపోతుంది, మనకి సరిపోయినట్టే అనిపిస్తుంది, తిప్పగానే గాడిలో ఒరుగుతుంది, ఒరగగానే గాడి పై అంచు మీద ఒక మూల, కింద అంచు మీద ఇంకో మూల మాత్రమే ఆనుకుంటాయి, అంతే, అంచు ముడుచుకోవడం మొదలు. దీన్ని కనిపెట్టడానికి పెద్ద పరికరం ఏం అక్కర్లేదు, మొన గాడిలో పెట్టి తిప్పకుండా కాస్త అటూ ఇటూ ఊపి చూడండి, మొన ఊగుతుంటే అది ఆ స్క్రూకి పనికిరాదు. 10 రెట్లు పెద్దది చేసి చూపించే లెన్స్ ఉంటే పక్కనుంచి చూడండి, మొనకీ గాడి గోడకీ మధ్య వెలుతురు కనపడకూడదు. అసలు దిగకపోతే మొన మందం ఎక్కువ, అప్పుడు మొనని సాన రాయి మీద రెండు వైపులా సమానంగా రుద్ది సరిపెట్టుకోవచ్చు, మా పనిలో అందరం చేసేది అదే, కొన్న మొనని కొన్నట్టు వాడేవాళ్ళు తక్కువ, రుద్దేటప్పుడు ఒకవైపు ఎక్కువ అరిగితే మొన వంకర వస్తుంది కాబట్టి నాలుగు సార్లు ఇటు రుద్దితే నాలుగు సార్లు అటు రుద్దాలి, చివరి అంచు తిన్నగా చదునుగా ఉందో లేదో చూసుకోవాలి. మందం తక్కువ ఉన్న మొనకి మాత్రం ఇలా పక్కలు రుద్ది మందం పెంచలేం, సరైన మందం ఉన్నది వాడుకోవాల్సిందే.

ఆకారం కూడా అంతే ముఖ్యం. మామూలు సెట్లలో వచ్చే మొనలు గొడ్డలి అంచులా పైన మందంగా ఉండి కిందకి పోయే కొద్దీ పల్చబడతాయి. గాడి గోడలేమో నిటారుగా ఉంటాయి. వాలుగా ఉన్న మొన నిటారు గోడకి గాడి నోటి దగ్గర మాత్రమే తగులుతుంది, తిప్పుతున్న బలంలో కొంత భాగం మొనని పైకి నెట్టేస్తుంది, మనం ఎంత గట్టిగా తిప్పితే అంత గట్టిగా పైకి లేస్తుంది, అలా లేచి జారిన మొనే లింకు మీద గీత పెట్టేది. అందుకని మొన చివర కొంత దూరం రెండు వైపులా సమాంతరంగా ఉండేలా చేసినవి దొరుకుతాయి, అవి గాడి అడుగుదాకా దిగి గోడలకి పూర్తిగా ఆనుకుంటాయి, పైకి నెట్టే బలం పుట్టదు. చైన్ స్క్రూలకి ఇలాంటివే వాడాలని నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే చైన్ స్క్రూ వాచ్ లోపల స్క్రూలాంటిది కాదు, లోపలి స్క్రూ స్క్రూడ్రైవర్‌ని వేళ్ళతో తేలిగ్గా తిప్పితే వచ్చేస్తుంది, చైన్ స్క్రూ రోజంతా చేతి కుదుపులకి తట్టుకోవాలి కాబట్టి బాగా బిగించి, పైగా చాలావాటికి జిగురు కూడా పెట్టి ఉంటుంది.

వాచ్ రిపేర్ వాళ్ళ స్క్రూడ్రైవర్లకి రంగులు ఉంటాయి, అది తెలిసి ఉంటే కొనేటప్పుడు తికమక ఉండదు. స్విట్జర్లాండ్‌లో ల లోక్ల్ ఊళ్ళో 1791 నుంచి ఉన్న బెర్జియాన్ కంపెనీ సెట్లలో 1.20 ఎరుపు, 1.40 బూడిద రంగు, 1.60 ఊదా, 2.00 ఆకుపచ్చ. చైన్ పనికి ఎక్కువగా తగిలేవి ఈ నాలుగే, ఇంట్లో ఒకే వాచ్ ఉన్నవాళ్ళు పది మొనల సెట్ కొనడం కన్నా తన స్క్రూకి సరిపోయే ఒక్క మంచి స్క్రూడ్రైవర్, దానికి ఒకటి రెండు ఎక్స్‌ట్రా మొనలు కొనుక్కోవడం తెలివైన పని. పిడి కూడా కాస్త లావుగా ఉన్నది చూసుకోండి, పెన్సిల్ కన్నా సన్నటి పిడి వేళ్ళలో జారుతుంది, పైన తిరిగే టోపీ ఉండాలి, చూపుడు వేలు దాని మీద పెట్టి కిందకి నొక్కుతూ బొటన వేలు మధ్య వేలుతో తిప్పాలి. అయస్కాంతం పట్టిన స్క్రూడ్రైవర్ మాత్రం వాచ్ దగ్గరికి తీసుకురావద్దు, స్క్రూ మొనకి అతుక్కుని సులువుగా ఉంటుందని కొందరు కావాలని అయస్కాంతానికి రుద్దుతారు, లోపల టైమ్‌ని నడిపించే హెయిర్‌స్ప్రింగ్ అనే సన్నటి చుట్ట స్ప్రింగ్‌కి అయస్కాంతం పట్టిందంటే టైమ్ తేడా చేస్తుంది.

జిగురు మాట అన్నాను కదా, దీని దగ్గరే చాలామంది బలం చూపించి పాడు చేసుకుంటారు. స్క్రూ మరలకి పూసే జిగురు గాలి తగలని చోట మెటల్‌ని ఆనుకుని గట్టిపడే రకం, తిప్పితే కదలదు, కదలకపోతే మనిషి ఇంకా గట్టిగా తిప్పుతాడు, అప్పుడే గాడి పోతుంది. దానికి మందు వేడి. ముందు చైన్‌ని వాచ్ నుంచి విడదీయాలి, ఇది చాలా ముఖ్యం, వాచ్ తగిలించి ఉన్న చైన్‌ని ఎప్పుడూ వేడి చేయకూడదు, లోపల ఆయిల్ ఉంటుంది, నీళ్ళు పోకుండా రబ్బరు రింగులు ఉంటాయి. విడదీసిన చైన్‌లో ఆ ఒక్క లింకుకి హెయిర్ డ్రయ్యర్ దగ్గరగా పెట్టి కాసేపు వేడి చేస్తే జిగురు పట్టు సడలుతుంది, చెయ్యి కాలకుండా గుడ్డతో పట్టుకుని వేడి ఉండగానే తిప్పాలి. అప్పటికీ కదలకపోతే ఆపేయాలి, మళ్ళీ వేడి చేయాలి, బలం పెంచకూడదు. ఇంకా రాకపోతే రిపేర్ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి, గాడి బాగున్న స్క్రూ అయితే వాళ్ళకీ పని సులువు.

తిప్పేటప్పుడు చైన్ చేత్తో పట్టుకుని గాల్లో తిప్పకండి. చైన్‌ని పక్కకి నిలబెట్టడానికి గాట్లు ఉన్న ప్లాస్టిక్ దిమ్మ దొరుకుతుంది, అందులో నిలబెడితే స్క్రూ నేరుగా పైకి చూస్తూ ఉంటుంది, మొన నిటారుగా దిగుతుంది. చుట్టూ లింకుల మీద పల్చటి టేప్ అంటించుకోండి, మొన జారినా గీత టేప్ మీద పడుతుంది. ముందు కిందకి నొక్కాలి, నొక్కు నిలిచాక తిప్పాలి, చాలామంది తిప్పుతూ నొక్కుతారు, అప్పుడే జారేది. కొన్ని చైన్లలో స్క్రూకి రెండు వైపులా తల ఉంటుంది, ఒకవైపు తిప్పితే రెండోది కూడా దానితో పాటే తిరుగుతూ ఉంటుంది తప్ప ఊడదు, వాటికి ఒకేలాంటి స్క్రూడ్రైవర్లు రెండు కావాలి, ఒకదాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని తిప్పాలి. తిరిగి బిగించేటప్పుడు మరల్ని స్పిరిట్‌తో తుడిచి పాత జిగురు తీసేసి, లాక్‌టైట్ 222 లాంటి తక్కువ పట్టు ఉండే ఊదా రంగు జిగురు సూది మొన అంత పెడితే చాలు, ఎక్కువ పట్టు ఉండే ఎర్ర రకం పెడితే తర్వాత ఆ స్క్రూ విప్పాల్సినవాడి గతి ఏంటో ఆలోచించండి. టైటానియం చైన్ అయితే మరలు ఒకదానికొకటి పట్టేసుకునే గుణం ఆ మెటల్‌కి ఉంది, మొదటి రెండు మూడు చుట్లు స్క్రూడ్రైవర్‌తో బలం లేకుండా వేళ్ళతోనే తిరగాలి, బిగుసుగా అనిపిస్తే వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇంకో విషయం మీ చిట్కాలో అసలు లేదు, గాడి కనపడినంత మాత్రాన అది తిప్పాల్సిన స్క్రూ అని కాదు. కార్టియే శాంటోస్ 2018 మోడల్ నుంచి చైన్ లింకులు స్క్రూడ్రైవర్ లేకుండానే వస్తాయి, లింకు లోపలి వైపు చిన్న బటన్ నొక్కితే కడ్డీ బయటకి జారుతుంది, పైన అందంగా కనిపిస్తున్న స్క్రూల జోలికి వెళ్ళక్కర్లేదు. ఆడెమార్స్ పిగే రాయల్ ఓక్, జెరాల్డ్ జెంటా గీసిన డిజైన్, 1972లో వచ్చింది, దాని ముందు రింగు మీద ఉన్న ఎనిమిది స్క్రూలు ఆరు పలకల గుంటల్లో కూర్చుని ఉంటాయి కాబట్టి అవి ముందు నుంచి తిరగనే తిరగవు, విప్పేది వెనక వైపు నుంచి, చైన్‌తో పాటు వాటిని కూడా ఒకసారి బిగిద్దామని మొన పెట్టి తిప్పితే తెల్ల బంగారం తలలు చెక్కుకుపోవడమే. హూబ్లో స్క్రూలకి హెచ్ ఆకారం గాడి ఉంటుంది, దానికి మొనే వేరు. ఇక చాలా కంపెనీల్లో అసలు స్క్రూ ఉండదు, నున్నటి కడ్డీ లోపల చిన్న గొట్టంతో బిగుసుకుని ఉంటుంది, లింకు లోపలి వైపు బాణం గుర్తు ఉంటే అది స్క్రూ కాదు, నెట్టే కడ్డీ రకమే అనుకోండి, బాణం చూపించిన వైపుకి కడ్డీని నెట్టాలి, దానికి కావలసింది మేకులాంటి పనిముట్టు, స్క్రూడ్రైవర్ కాదు. కాబట్టి పని మొదలుపెట్టే ముందు చైన్ రెండు పక్కలా లెన్స్‌తో చూడండి, ఒక పక్క గాడి ఉండి రెండో పక్క నున్నగా ఉంటే, లోపల బాణం గుర్తు కూడా లేకపోతే మామూలు స్క్రూ కావచ్చు, రెండు పక్కలా గాడి ఉంటే పైన చెప్పిన రెండు తలల రకం కావచ్చు, ఎక్కడా గాడి లేకపోతే కడ్డీ.

అసలు లింకు తీయాల్సిన అవసరం ఉందా అని కూడా చూసుకోవాలి. ఎండకి చెయ్యి ఉబ్బి సాయంత్రానికి బిగుతు అనిపిస్తే దానికి లింకులు మార్చక్కర్లేదు, రోలెక్స్‌లో ఈజీలింక్ అనే పొడవు పెంచే ఏర్పాటు ఉన్న క్లాస్ప్ (చైన్ మూసే కొక్కెం) అయితే 5 మి.మీ. దాకా చేత్తోనే పెంచుకోవచ్చు, సబ్‌మరైనర్ లాంటి మోడల్స్‌లో గ్లైడ్‌లాక్ అనే జరిపే ఏర్పాటు ఉంటుంది, 2 మి.మీ. చొప్పున దాదాపు 20 మి.మీ. దాకా జరుగుతుంది. లింకే తీయాలి అంటే అన్నీ ఒకవైపు నుంచి తీసేయకుండా క్లాస్ప్ మణికట్టు కింద మధ్యలో ఉండేలా రెండు వైపులా చూసుకుని తీయండి, తీసిన లింకునీ స్క్రూనీ కలిపి ఒక కవర్లో దాచండి.

ఒక మాట కంపెనీలకి కూడా చేరాలని రాస్తున్నాను. కార్టియే లవ్ బ్రేస్‌లెట్ అని ఒక బంగారు కడియం ఉంది, 1969లో ఆల్డో చిపుల్లో డిజైన్ చేశాడు, దాన్ని చేతికి స్క్రూలతో బిగించుకోవాలి, దానికి సరిపోయే స్క్రూడ్రైవర్ ఆ కడియంతో పాటే ఇస్తారు. పనెరాయ్ కూడా చాలా మోడల్స్‌తో పట్టీ మార్చుకోవడానికి స్క్రూడ్రైవర్ బాక్స్‌లోనే పెట్టింది. అంటే కుదరని పనేం కాదు. మరి మిగతావాళ్ళు నేను చూసిన బుక్‌లెట్లలో తేదీ ఎలా మార్చాలి, ఎంత లోతు నీళ్ళలో దిగొచ్చు అని పేజీలకి పేజీలు రాస్తారు గానీ చైన్ స్క్రూకి ఎంత వెడల్పు, ఎంత మందం మొన పెట్టాలో ఒక్క లైను రాయరు, షోరూమ్‌కి తీసుకురండి అంటారు. షోరూమ్ దూరంగా ఉన్నవాడు, కొన్న మర్నాడే చేతికి పెట్టుకోవాలనుకునేవాడు ఇంట్లో ఏది దొరికితే అది పట్టుకుంటాడు, అది మనిషి సహజం, వాణ్ణి తప్పు పట్టలేం. ఆ రెండు కొలతలు ప్రింట్ చేయడానికి వాళ్ళకి ఖర్చేం లేదు, చేస్తే ఎన్నో మంచి చైన్లు బతుకుతాయి. స్క్రూడ్రైవర్ సెట్లు తయారు చేసేవాళ్ళు కూడా వెడల్పు పక్కన మందం కూడా రాస్తే కొనేవాడికి సగం గొడవ తీరిపోతుంది.

మీ పేపర్ చాలా ఇళ్ళకి వెళ్తుంది, మీరు రాస్తే నమ్మి చేస్తారు, అందుకే ఇంత పొడుగు రాశాను. వచ్చే ఆదివారం అదే పేజీలో ఆ కళ్ళజోడు కిట్ మాట వెనక్కి తీసుకుని, మొన వెడల్పు, మందం, ఆకారం స్క్రూతో సరిచూసుకోవాలనీ, జిగురు ఉంటే చైన్ విడదీశాకే వేడి చేయాలనీ నాలుగు లైన్లు వేయండి. బొమ్మ వేసే వీలుంటే ఇంకా మంచిది, వాలు మొన గాడిలో ఎలా కూర్చుంటుంది, సమాంతరం మొన ఎలా కూర్చుంటుంది అని పక్కపక్కన రెండు బొమ్మలు చాలు, నేను చేత్తో గీసిన బొమ్మ ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను, మీ ఆర్టిస్ట్ దాన్ని బాగు చేసి వేసుకున్నా నాకు సంతోషమే.

ఇట్లు,
వాచ్ రిపేర్ పనిలో ఉన్న మీ పాఠకుడు